తెరచాప తెలిసిన ఊళ్లు: పసిఫిక్ దీవుల నావిక విద్య, ఎదిగొస్తున్న సముద్రం

1815 ప్రాంతంలో పశ్చిమ పసిఫిక్‌లోని కరోలిన్ దీవుల మీద పెను తుపాను విరుచుకుపడింది. పగడపు దిబ్బల మీద పేరుకున్న ఇసుకే ఆ దీవుల్లో చాలావాటికి నేల. అలాంటి చోట తుపాను ఒక్క రాత్రిలో వెళ్లిపోతుంది కానీ దాని దెబ్బ ఏళ్ల తరబడి ఉంటుంది. కొబ్బరి, సీమపనస చెట్లు కూలిపోతాయి, చేమ గుంటల్లోకి ఉప్పునీరు దిగుతుంది, మళ్లీ పంట చేతికి రావాలంటే కొన్నేళ్లు ఆగాలి. సతవల్ దీవి నాయకుడు అఘురుబ్ అలా ఆగలేదు. తన వాళ్లను పడవలెక్కించి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న సైపాన్‌కు తీసుకెళ్లాడు. అక్కడి చమోరో ప్రజలను స్పెయిన్ పాలకులు చాలా కాలం ముందే గ్వామ్‌కు తరలించేయడంతో సైపాన్ దాదాపు ఖాళీగా ఉంది. గ్వామ్‌లోని స్పెయిన్ గవర్నరుతో మాట్లాడుకుని అఘురుబ్ మనుషులు అక్కడ స్థిరపడ్డారు. బదులుగా పక్కనున్న టినియాన్ నుంచి గ్వామ్‌కు మాంసం చేరవేసే పని ఒప్పుకున్నారు. ఆ పనికి అక్కరకొచ్చినవి వాళ్ల పడవలే. వాళ్ల సంతతి వాళ్లు, రెఫలువాష్ ప్రజలు, ఇప్పటికీ సైపాన్‌లో ఉన్నారు. అఘురుబ్ సమాధి ఆ తీరాన్ని ఆనుకుని ఉన్న మనాగహా అనే చిన్న దీవిలో ఉంది.

ఇప్పుడైతే దీన్ని వాతావరణ వలస అంటారు. అఘురుబ్ జనాన్ని శరణార్థుల లెక్కలో రాసేవాళ్లు. అయితే వాళ్లను ఎవరూ తరలించలేదు. ఎటు పోవాలో, ఏ చుక్క కింద పోవాలో, దారిలో ఎన్ని రోజులకు తిండీ నీళ్లూ సరిపడాలో వాళ్లకే తెలుసు. పసిఫిక్ నావిక విద్య మీద వచ్చే రాతలు చాలావరకు చుక్కలు చూసి దారి పట్టే అద్భుతం దగ్గరే ఆగిపోతాయి. అది అద్భుతమే, సందేహం లేదు. కానీ ఆ విద్య చేసిన పెద్ద పని వేరే ఉంది. ఒక దీవి దెబ్బతింటే ఇంకో దీవి ఆదుకునే బంధాన్ని అది తరతరాలుగా నిలబెట్టింది. సముద్రం ఊళ్లను కొరుక్కు తింటున్న ఈ రోజుల్లో అక్కడి పల్లెలకు ఎక్కువ అవసరమైనది ఈ రెండో సంగతే. సాయం చేస్తామని వచ్చేవాళ్లు తక్కువగా పట్టించుకుంటున్నదీ దీన్నే.

చాప మీద పరిచిన ఆకాశం

సతవల్ దీవి ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. జనం ఐదొందలకు అటూ ఇటూ. అక్కడ పిల్లవాడికి నావిక విద్య మొదలయ్యేది నీళ్ల మీద కాదు, పడవలుంచే చావిడిలో, ఒక చాప మీద. గురువు 32 పగడపు ముక్కలను గుండ్రంగా పేరుస్తాడు. ఒక్కో ముక్క ఒక్కో నక్షత్రం పొడిచే చోటుకో, కుంకే చోటుకో గుర్తు. నడుమ చిన్న ఆకు పడవ. తూర్పు దిక్కున శ్రవణం. ఉత్తరాన ధ్రువం. దక్షిణాన నిటారుగా నిలబడ్డ త్రిశంకు. మిగతా ముక్కల్లో అభిజిత్తు, కృత్తికలు, రోహిణి, జ్యేష్ఠ అందరూ ఉంటారు, వాళ్ల పేర్లు మాత్రం వేరు. శ్రవణాన్ని వాళ్లు మైలాప్ అంటారు. మన పంచాంగం కాలం లెక్కకు వాడుకున్న చుక్కలనే కరోలిన్ నావికులు దిక్కుల లెక్కకు వాడుకున్నారు. రోహిణీ కార్తె అనగానే తెలుగు రైతుకు ఎండ గుర్తొస్తుంది. అదే రోహిణి పొడిచే చోటు చూస్తే సతవల్ నావికుడికి ఒక దిక్కు, ఆ దిక్కున ఉన్న దీవి గుర్తొస్తాయి.

ఆ ముక్కల మధ్య పిల్లవాడు ఏళ్ల తరబడి వల్లె వేస్తాడు. ఈ దీవి నుంచి ఆ దీవికి ఏ చుక్క కింద పోవాలి, తిరిగి రావాలంటే ఏ చుక్క, దారి తప్పితే పక్కన తగిలే దిబ్బ ఏది, అక్కడ కనబడే పక్షి ఏది. పొడిచిన చుక్క పైకెక్కిపోగానే అదే చోట పొడిచే తర్వాతి చుక్కను పట్టుకోవాలి. అలా రాత్రంతా ఒకే దారిలో చుక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పుస్తకం లేదు, పటం లేదు. పాటలుగా, వరసలుగా అంతా నోటికే.

దూరం లెక్కపెట్టే పద్ధతి ఇంకా విశేషమైనది. దాన్ని ఎటాక్ అంటారు. రైలు కిటికీ పక్కన కూర్చున్నవాడికి దగ్గర చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాయి కదా. నావికుడు మనసులో సరిగ్గా అలాగే లెక్క వేస్తాడు. పడవ కదలడం లేదు, దీవులే కదులుతున్నాయి. బయల్దేరిన దీవి వెనక్కి జరుగుతుంది, చేరాల్సిన దీవి దగ్గరకు వస్తుంది. దారికి పక్కగా, కంటికి ఆనని దూరంలో ఉన్న మూడో దీవి ఒకటి గుర్తుగా పెట్టుకుంటాడు. మొదట అది ఒక చుక్క కింద ఉంటుంది. పడవ సాగేకొద్దీ తర్వాతి చుక్క కిందికి, ఆ తర్వాతి చుక్క కిందికి జరుగుతూ పోతుంది. ఎన్ని చుక్కలు దాటిందో చూసుకుంటే ఎంత దూరం వచ్చామో తెలిసిపోతుంది. కనబడని దీవిని కదిలిస్తూ వేసే ఈ లెక్కకు కావలసిన పనిముట్టు తలలోని జ్ఞాపకం ఒక్కటే.

పగలు చుక్కలుండవు. మబ్బు పట్టిన రాత్రీ ఉండవు. అప్పుడు కెరటాలే దిక్కు. దూరాన ఎక్కడో వీచే గాలికి లేచిన పెద్ద కెరటాలు రోజుల తరబడి ఒకే వైపు నుంచి వస్తుంటాయి. పడవ వాటిని ఏ కోణంలో కోస్తూ పోతోందో నావికుడు పడుకుని ఉన్నా ఒంటితోనే కనిపెడతాడు. దీవి దగ్గర పడేసరికి పక్షులు సాయం వస్తాయి. నోడీ అనే సముద్ర పక్షులు పొద్దున్నే చేపల కోసం ముప్పై కిలోమీటర్ల దాకా వచ్చి సాయంత్రం గూటికి మళ్లుతాయి. సాయంత్రం అవి ఎటు పోతే నేల అటే. తాటి ఎత్తు మించని దీవి పదిహేను, ఇరవై కిలోమీటర్ల నుంచి మాత్రమే కనిపిస్తుంది. పక్షుల్ని, మబ్బు అడుగున కనిపించే, దిబ్బల నడుమ నిలిచే లోతులేని నీటి (లగూను) ఆకుపచ్చ నీడను చదవగలిగినవాడికి అదే దీవి ఎన్నో రెట్లు పెద్దదవుతుంది.

1976 మే 1న ఈ విద్యతోనే మౌ పియాయిలుగ్ అనే సతవల్ నావికుడు హవాయిలో కట్టిన హోకూలేయా అనే జంట పడవకు దారి చూపాడు. ఆ పేరుకు ఆనంద తార అని అర్థం, హవాయి నడినెత్తిన వచ్చే మన స్వాతి నక్షత్రమే అది. దిక్సూచి లేదు, గడియారం లేదు, పటం లేదు. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా సాగి జూన్ 4న తహితీ చేరేసరికి ఒడ్డున సుమారు 17,000 మంది ఎదురు చూస్తున్నారు. అప్పటికి హవాయిలో పాత పద్ధతిలో దారి చూపగల నావికుడు ఒక్కడు కూడా మిగల్లేదు. అందుకే వేల కిలోమీటర్ల అవతలి సతవల్ నుంచి మౌ రావలసి వచ్చింది. ఈ విద్యను బయటివాళ్లకు చెప్పడం వాళ్ల కట్టుబాటు కాదు. తన దీవి పిల్లలే నేర్చుకోవడం మానేస్తున్నారని, తనతోనే పోతుందేమోనని భయపడి అతను హవాయి యువకులకు నేర్పాడు. 2007లో సతవల్‌లో యాభై ఏళ్లకు పైగా ఆగిపోయిన ప్వో దీక్షను మళ్లీ జరిపి, నైనోవా థామ్సన్ సహా ఐదుగురు హవాయి వాళ్లను, తన దీవుల వాళ్లు మరికొందరిని నావిక గురువులను చేశాడు. 2010లో కన్నుమూశాడు. కరోలిన్ నావిక విద్యనూ పడవల నిర్మాణాన్నీ తక్షణం కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో యునెస్కో 2021లో చేర్చింది.

మార్షల్ దీవుల వాళ్ల పద్ధతి ఇంకోటి. వాళ్లు చుక్కల కంటే కెరటాలను ఎక్కువ నమ్ముతారు. చెరువులో బండరాయి చుట్టూ అలలు ఎలా వంగుతాయో అందరూ చూసిందే. దీవి చుట్టూ సముద్రపు కెరటం కూడా అలాగే వంగుతుంది, కొంత తిరిగి కొడుతుంది, అవతలి వైపు రెండు వంకలు వచ్చి కలుసుకుంటాయి. ఆ కలయికల గుర్తులు దీవికి చాలా దూరం దాకా నీటిలో ఉంటాయి. కొబ్బరి ఈనెలను వంచి, కట్టి, దీవులున్న చోట గవ్వలు కుట్టి వాళ్లు ఈ లెక్కంతా ఒక చట్రంలో చూపిస్తారు. దాన్ని పడవలో తీసుకెళ్లరు. ఒడ్డున చూసి నేర్చుకోవాలి, సముద్రంలో ఒంటితో గుర్తు పట్టాలి. శిష్యుడిని నీళ్లలో వెల్లకిలా తేలమని, ఏ కెరటం ఎటు నుంచి ఎత్తుతోందో వీపుతో తెలుసుకోమని నేర్పేవాళ్లు.

అలా నేర్పే చోట్లలో రోంగెలాప్ పేరున్నది. దానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలోని బికినీలో 1954 మార్చి 1న అమెరికా 15 మెగాటన్నుల బాంబు పేల్చింది. రోంగెలాప్ మీద తెల్లటి బూడిద రాలింది, పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత జనాన్ని తరలించారు, 1957లో తిరిగి తెచ్చారు, ఆ నేల మీద బతకలేమని తెలిసి 1985లో వాళ్లే ఊరు వదిలేశారు. 1946 నుంచి 1958 దాకా మార్షల్ దీవుల్లో జరిగిన అణు పరీక్షలు 67. నేర్చుకునే వయసులో ఉన్న పిల్లలు, నేర్పాల్సిన పెద్దలు, నేర్పే ఆ దిబ్బా ఒక్కసారిగా విడిపోయాయి. పాత విద్యలు కొత్త కాలానికి పనికిరాక వాటంతట అవే మరుగున పడ్డాయని అనుకోవడం తేలిక. ఈ విద్య మాత్రం చాలాచోట్ల అలా పోలేదు, దాన్ని తెంచేశారు.

ఇచ్చిపుచ్చుకునే దారి

తెంచడం బాంబులతో మొదలవలేదు. కరోలిన్ దీవుల్లో సావెయ్ అనే ఏర్పాటు ఉండేది. చిన్న పగడపు దీవుల పడవలన్నీ తూర్పు నుంచి ఒక్కో దీవి దగ్గర కలుస్తూ, బారుగా పడమటనున్న యాప్ అనే పెద్ద దీవికి వెళ్లేవి. అరటినారతో నేసిన బట్టలు, చాపలు, కొబ్బరి పీచు తాళ్లు కానుకగా తీసుకెళ్లేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు తమ ఇసుక నేలలో దొరకని కలప, వెదురు, పసుపు, తిండి సరుకులు తెచ్చుకునేవాళ్లు. చూడటానికి కప్పం లాంటిది. అయితే ఇచ్చినదానికంటే తెచ్చుకున్నది ఎక్కువ. తుపాను వచ్చి దీవి పాడైతే యాప్‌లోని సంబంధిత కుటుంబం తిండి పెట్టాలి, తలదాచుకోవడానికి చోటివ్వాలి. క్రమం తప్పక చేసే ఆ ప్రయాణం లేకపోతే ఆ హక్కు నిలవదు. అందుకే బాగున్న ఏడాది కూడా వెళ్లేవాళ్లు. ఆపద రాని రోజుల్లో కూడా వియ్యాలవారి ఇంటికి రాకపోకలు సాగించే మన పల్లె పద్ధతి తెలిసినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు. రాకపోకలు ఆగితే చుట్టరికం ఆగుతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ పాలకులు, తర్వాత జపాన్ పాలకులు దూర ప్రయాణాలను అడ్డుకున్నారు. ప్రమాదకరమన్నారు, పన్నుకూ పనికీ జనం అందుబాటులో ఉండాలనుకున్నారు. సావెయ్ ఆగిపోయింది. ఇక తుపాను వస్తే వాణిజ్య ఓడ కోసమో, ప్రభుత్వ ఓడ కోసమో ఎదురుచూడాలి. చిన్న పగడపు దీవి ఒంటరిగా బతకలేనిది అన్న మాట ఇప్పుడు నివేదికల్లో తరచూ కనిపిస్తుంది. అది నిజమే. అయితే ఆ దీవులు మునుపు ఒంటరిగా ఉండేవి కావు.

దూరపు అండ అందేలోపు గడవాలి కదా. దానికి దీవిలోనే ఏర్పాట్లుండేవి. సాలమన్ దీవుల దేశానికి చెందిన టికోపియా దీని గురించి చెప్పడానికి మంచి ఉదాహరణ. ఐదు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ దీవి మీద 2002 డిసెంబర్ 28న అత్యంత తీవ్రమైన ఐదో శ్రేణి తుపాను జోయ్ విరుచుకుపడింది. ఇళ్లు, తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. రేడియో మాట్లాడలేదు. మొదటి సహాయ పడవ చేరడానికి వారం పట్టింది. అంతా చనిపోయి ఉంటారని బయట అనుకున్నారు. ఒక్కరూ చనిపోలేదు. పెద్దలు చెప్పినట్టు జనం ముందే ఎత్తైన చోట్లకు, కొండ రాళ్ల చరియల కిందికి చేరారు.

ఆ దీవిలో తిండి దాచే తీరు కూడా తెలుసుకోదగ్గది. సీమపనస, అరటి వంటివాటిని చెక్కు తీసి, ఆకులు పరచిన గుంటల్లో పెట్టి, పైన ఆకులు, రాళ్లు కప్పుతారు. లోపల అది పులుస్తుంది. మాసి అని పిలిచే ఆ ముద్ద ఏళ్లు గడిచినా పాడవదు. పుల్లటి వాసన గట్టిగా ఉంటుంది, పిండి పిండిగా ఉండే ఆ ముద్దను ఆకుల్లో చుట్టి కాలుస్తారు. తెలుగు పల్లెల్లో ధాన్యానికి పాతర వేసినట్టే ఇది కాయలకు పాతర. ఫిజీలో, మార్షల్ దీవుల్లో, ఇంకా చాలాచోట్ల ఇదే పని వేరే పేర్లతో ఉంది. దిగుమతి బియ్యం, గోధుమపిండి వచ్చాక చాలా దీవుల్లో ఆ గుంటలు పూడిపోయాయి. తుపాను తర్వాత బియ్యం మూటలతో ఓడ ఎప్పుడు వస్తుందా అని చూసే పరిస్థితికి అదీ ఒక కారణం.

గోడ కట్టాలా, జరగాలా

1993 నుంచి ప్రపంచ సముద్రమట్టం సగటున 9.4 సెంటీమీటర్లు పెరిగితే, ఉష్ణమండల పసిఫిక్‌లో కొన్నిచోట్ల 15 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. ప్రపంచం వదిలే కర్బన ఉద్గారాల్లో ఈ దీవుల వాటా 0.02 శాతం. ఈ అన్యాయం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫిజీ, వనువాటు, సాలమన్ దీవుల న్యాయ విద్యార్థులు 2019లో మొదలుపెట్టి, వనువాటు ప్రభుత్వం భుజానికెత్తుకున్న పోరాటం 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం దాకా వెళ్లింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని ఆ న్యాయస్థానం చెప్పింది.

ఊళ్లలో మాత్రం ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: ఇంటి గుమ్మం ముందు నీళ్లున్నాయి, ఏం చేయాలి? అందరికీ ముందు తోచేది గోడ. కాంక్రీటు గోడకు తగిలిన అల తిరిగి వచ్చి గోడ పాదంలోని ఇసుకను లాక్కెళ్తుంది. గోడ ఆగిపోయిన చోట కోత ఎక్కువవుతుంది. పైగా పగడపు దీవి ఉన్నచోట ఉన్నట్టు ఉండేది కాదు. తువాలులోని 101 దీవులను 1971 నుంచి 2014 దాకా పోల్చి చూసిన పరిశోధకులకు, మొత్తం నేల 2.9 శాతం పెరిగినట్టు తేలింది. కెరటాలు ఒకవైపు ఇసుక తీసి ఇంకోవైపు వేస్తాయి, దిబ్బ మీద విరిగిన పగడాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. దీని అర్థం ప్రమాదం లేదని కాదు. సముద్రం ఇంకా పెరిగితే, పగడాలు వేడికి చనిపోతే ఈ పని ఆగిపోతుంది, మంచినీటి పొర ఉప్పుబారితే నేల మిగిలినా బతకడం కుదరదు. సాలమన్ దీవుల్లో 1947 తర్వాత ఐదు చిన్న దీవులు పూర్తిగా మాయమైన సంగతి 2016లో బయటపడింది. అయితే తువాలు లెక్క ఒక విషయం చెబుతుంది. దీవి కదులుతుంది, దాని మీది మనుషులూ కదలగలిగితేనే కలిసి బతకగలరు. తేలికైన కొయ్య, ఆకు ఇళ్లను విప్పి, జరిపి కట్టుకునే పాత అలవాటు వెనక ఈ తెలివే ఉంది. గోడ కట్టాక, కాంక్రీటు ఇల్లు వేశాక అంచు ఒకచోట బిగుసుకుపోతుంది.

కదలడం అంటే ఊరు మొత్తం లేచిపోవడమూ కావచ్చు. ఫిజీలో వనువా లేవు దీవిలోని వునిదోగొలోవా 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి, కొండ వైపుకు మారింది. సుమారు 30 ఇళ్లు, 150 మంది. వాతావరణ మార్పు కారణంగా ప్రభుత్వం ఊరిని తరలించిన మొదటి ఉదాహరణల్లో ఇది ఒకటని ప్రపంచమంతా రాసింది. కొత్త చోటికి బైబిలు నుంచి కెనానీ అని పేరు పెట్టుకున్నారు. ఇది బాగా జరిగిందనడానికి ముఖ్య కారణం, కొత్త నేల కూడా అదే వంశం వాళ్లది కావడం. ఎవరి దగ్గరా చేయి చాచాల్సిన పని లేకపోయింది. అయినా తప్పులు జరిగాయి. కొత్త ఇళ్లకు వంటిళ్లు లేవు. చేపల మీద బతికిన వాళ్లు సముద్రానికి నడిచి వెళ్లాల్సి వచ్చింది. తాతల సమాధులు పాత ఊళ్లో, పోటు వచ్చినప్పుడల్లా నీళ్లు ఎక్కే చోట ఉండిపోయాయి.

ఇక్కడ తెలుగువారికి సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలి. అదే వనువా లేవు దీవిలో, లబాసా చుట్టుపక్కల చెరకు పొలాల్లో, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలి ఒప్పందాల మీద వెళ్లిన దక్షిణాది వాళ్ల సంతతి ఉంది, వాళ్లలో తెలుగువారూ ఉన్నారు. ఫిజీ నేలలో నూటికి ఎనభైకి పైగా స్థానిక వంశాల ఉమ్మడి సొత్తు, దాన్ని అమ్మకూడదు. భారతీయ సంతతి రైతులు ఎక్కువగా కౌలు మీద బతుకుతున్నవాళ్లు. వంశానికి ఎగువన వేరే నేల ఉన్న ఊరు జరగగలదు. కౌలు నేల తప్ప ఏమీ లేనివాడు ఎక్కడికి జరగాలి? స్థానిక విద్య, వంశాల నేల అంటూ మాట్లాడేటప్పుడు ఈ మనుషులు లెక్కలోంచి జారిపోకూడదు.

జనాన్ని కదిలించి, వాళ్ల తెలివిని కదిలించకపోతే ఏమవుతుందో సాలమన్ దీవుల్లోని గిజో అనే దీవి చెబుతుంది. ఫీనిక్స్ దీవుల్లో కరువొచ్చిందని 1950లు, 60ల్లో బ్రిటిష్ పాలకులు అక్కడి గిల్బర్ట్ దీవుల జనాన్ని మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలోని సాలమన్ దీవులకు తెచ్చారు. గిజో తీరంలో వాళ్లు కట్టుకున్న ఒక ఊరి పేరు న్యూ మన్రా, వదిలి వచ్చిన మన్రా దీవి పేరే. సముద్రం గురించి తక్కువ తెలిసినవాళ్లు కారు. పడవ పనిలో, చేపల పనిలో ఆరితేరినవాళ్లు. కానీ వాళ్ల పాత పగడపు దీవుల్లో కొండలు లేవు, సునామీ కథలు లేవు. 2007 ఏప్రిల్ 2న భూకంపం తర్వాత సముద్రం వెనక్కి తగ్గింది. నీళ్లు తగ్గితే కొండెక్కాలని పెద్దల నుంచి విన్న స్థానికులు పరుగెత్తారు. వలస ఊళ్ల పిల్లలు కొందరు బయటపడ్డ సముద్రపు అడుగును చూడటానికి వెళ్లారు. ఆ రోజు సాలమన్ దీవుల్లో చనిపోయిన 52 మందిలో, జనాభాలో తమ వంతుకు మించి గిల్బర్ట్ సంతతి వాళ్లే ఉన్నారు. సునామీకి వాతావరణ మార్పుకూ సంబంధం లేదు. కానీ రాబోయే తరలింపుల పథకాలు వేసే ప్రతి ఒక్కరూ గిజో కథ చదవాలి. సముద్ర జ్ఞానం అంతటా ఒకటే కాదు. అది ఒక తీరానికి, ఒక గాలికి, ఒక దిబ్బకు కట్టుబడి ఉంటుంది. కొత్త చోటికి వెళ్లినవాళ్లకు ఆ చోటి పెద్దలు నేర్పాలి, దానికి ఏళ్లు పడుతుంది.

అందుకే ఈ విద్యను అన్నిటికీ మందుగా చెప్పడం కూడా తప్పే. చుక్కలు మారవు. ఋతువుల మీద ఆధారపడ్డ గుర్తులు మారుతున్నాయి. సీమపనస విరగకాస్తే, కందిరీగలు గూళ్లు నేలకు దగ్గరగా కడితే, ఫ్రిగేట్ పక్షులు లోపలికి వస్తే తుపాను తప్పదని ఫిజీలో, చుట్టుపక్కల దీవుల్లో పెద్దలు చెబుతారు. పూత కాలమే తారుమారైతే ఆ గుర్తుల్లో కొన్ని తప్పుతాయి. వనువాటు వాతావరణ శాఖ ఇలాంటి గుర్తులను ఊరూరా సేకరించి తన అంచనాల పక్కన పెట్టి చూస్తోంది. ఏవి ఇంకా పనికొస్తున్నాయో, ఏవి జారిపోయాయో తెలుసుకునే దారి అదే. పక్కన పెట్టి చూడటం అంటే రెండిటికీ గౌరవం ఉన్నట్టు.

ఇంకో చిక్కు పడవలోనే ఉంది. కరోలిన్ పడవ అడుగుభాగం సీమపనస మానుతో చేస్తారు, సందులు దాని జిగురుతో మూస్తారు, కట్లన్నీ కొబ్బరి పీచు తాడే. ఉప్పునీరు వేళ్లకు తగిలి సీమపనస ఎండిపోతే తిండీ పోతుంది, పడవా పోతుంది. చెట్టు లేకుండా చాప మీది పగడపు ముక్కలు ఎంత వల్లె వేసినా ఒడ్డు దాటలేరు.

అయినా చేతిలో ఉన్నదానితో పని మొదలుపెట్టినవాళ్లున్నారు. మార్షల్ దీవుల రాజధాని మజురోలో, ఆ దీవుల పడవలు అని అర్థం వచ్చే వాన్ ఆయెలోన్ ఇన్ మజెల్ సంస్థ, బడి మానేసిన యువతకు పాత పద్ధతి పడవలు కట్టడం, వడ్రంగం నేర్పుతోంది. అదే దేశం 2024లో జురెన్ అయె అనే 48 మీటర్ల సరుకు ఓడను తెచ్చుకుంది. దానికి తెరచాపలే ముఖ్యం, ఇంజన్ తోడు మాత్రమే. చెల్లాచెదురుగా ఉన్న 29 పగడపు దీవుల సముదాయాల మధ్య సరుకు తిప్పడానికి చమురు కొని కొని అలసిన దేశానికి గాలి ఊరికే దొరుకుతుంది. తెరచాప అంటే జ్ఞాపక చిహ్నం కాదని, రేపటి రవాణా అని అక్కడి వాళ్లు నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి లెక్కల బలం కూడా ఉంది.

పెద్ద దేశాలు చూపే దారులూ లేకపోలేదు. తువాలుతో ఆస్ట్రేలియా 2023లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏడాదికి 280 మంది అక్కడికి వెళ్లి ఉండవచ్చు. బతుకు దొరుకుతుంది, కాదనలేం. కానీ ఊరు ఊరుగా వెళ్లదు, చీటీ తగిలినవాళ్లు వెళ్తారు.

ఊరు ఊరుగా కదలడానికి చేస్తున్న ప్రయత్నం పాపువా న్యూగినీలోని కార్టరెట్ దీవుల్లో కనిపిస్తుంది. నేల ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు, చేమ తోటలు ఉప్పుబారిపోయాయి. 1980ల్లో ప్రభుత్వం కొన్ని కుటుంబాలను బూగన్‌విల్‌కు తరలించింది, అక్కడ యుద్ధం మొదలయ్యేసరికి వాళ్లు తిరిగి వచ్చేశారు. 2006లో దీవి పెద్దలే ఒక సంస్థ పెట్టుకుని ఉర్సులా రకోవా నాయకత్వంలో పని మొదలుపెట్టారు. దాని పేరు తులెలె పెయిసా, వాళ్ల హాలియా భాషలో కెరటాల మీద మన పడవ మనమే నడుపుకోవడం అని అర్థం. సుమారు 86 కిలోమీటర్ల అవతల, బూగన్‌విల్‌లోని టింపుట్జ్ దగ్గర క్యాథలిక్ చర్చి ఇచ్చిన నేలలో 2009 నుంచి ఒక్కో కుటుంబం దిగుతోంది. ముందు అక్కడి పెద్దలతో రాకపోకలు, తర్వాత ఇళ్లు. కోకో నాటారు, దుంపలు, అరటి వేశారు. దీవిని ఖాళీ చేయాలని వాళ్లు అనుకోలేదు, ఉండాలనుకున్నవాళ్లు ఉన్నారు. టింపుట్జ్ తోటల్లో పండిన దుంపలు, అరటిగెలలు పడవలెక్కి కార్టరెట్‌లో మిగిలినవాళ్ల ఇళ్లకు వెళ్తున్నాయి.